బీజీఎంఐ కొత్తగా మొదలుపెట్టిన విశాఖ ఆటగాళ్లకు: తరచుగా అడిగే ప్రశ్నలు

బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియాను, అంటే అందరూ బీజీఎంఐ అని పిలిచే ఆటను, ఈ మధ్యనే ఫోన్‌లో వేసుకున్నవారి కోసం ఈ ప్రశ్నలూ జవాబులూ రాశాం. గాజువాక నుంచి మధురవాడ దాకా ఏ టీ కొట్టు దగ్గర చూసినా ఫోన్లు అడ్డంగా పట్టుకున్న కుర్రాళ్లు కనబడతారు గానీ, వారిలో కొత్తవారికి ఓపికగా చెప్పేవారు తక్కువ. ఇక్కడి జవాబులన్నిటి వెనుకా ఉన్న అభిప్రాయం ఒకటే: కొత్త ఆటగాళ్లలో వేళ్లు వేగంగా కదలక ఓడిపోయేవారి కంటే, నిలబడకూడని చోట నిలబడి ఓడిపోయేవారే చాలా ఎక్కువ.

ఈ ఆట ఏమిటి? గెలుపు ఎలా నిర్ణయమవుతుంది?

100 మంది వరకు ఆటగాళ్లు విమానంలోంచి పారాచూట్లతో ఒక దీవి మీదికి ఉత్త చేతులతో దిగుతారు. అక్కడి ఇళ్లలోనూ గిడ్డంగుల్లోనూ దొరికిన తుపాకులు, మందులు, హెల్మెట్లు ఏరుకుని, అంతకంతకూ కుంచించుకుపోయే వలయం లోపల ఉంటూ, చివరిదాకా మిగిలిన ఆటగాడు లేదా జట్టు గెలిచినట్టు లెక్క. ఆ గెలుపునే చికెన్ డిన్నర్ అంటారు. ఒంటరిగా ఆడవచ్చు, ఇద్దరు కలిసి ఆడవచ్చు, నలుగురి స్క్వాడ్‌గానూ ఆడవచ్చు.

దక్షిణ కొరియాకు చెందిన క్రాఫ్టన్ సంస్థ దీన్ని 2021 జూలై 2న ఆండ్రాయిడ్ ఫోన్లకు విడుదల చేసింది. 2020 సెప్టెంబరులో నిషేధానికి గురైన పబ్‌జీ మొబైల్‌ను అప్పట్లో ఆడినవారికి ఇందులోని ఎరాంగెల్, మీరామార్ వంటి మ్యాపులు కొత్త కావు. 2022 జూలైలో స్టోర్ల నుంచి తొలగించిన ఈ ఆట 2023 మేలో తిరిగి వచ్చింది. వీడియోలు చూసి నేర్చుకునేవారు వాటి తేదీ ముందుగా చూసుకోవడం మంచిది, ఎందుకంటే అప్‌డేట్లు వచ్చినప్పుడల్లా తుపాకుల బలాబలాలు కొద్దికొద్దిగా మారుతుంటాయి.

నా ఫోన్ ఖరీదైనది కాదు. గ్రాఫిక్స్ ఎలా పెట్టుకోవాలి?

గ్రాఫిక్స్‌ను 'స్మూత్'లో ఉంచి, ఫ్రేమ్ రేటును, అంటే తెర మీద బొమ్మ సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో ఆ లెక్కను, మీ ఫోన్ అనుమతించినంత ఎక్కువగా పెట్టుకోండి. 'ఎక్స్‌ట్రీమ్' ఎంచుకుంటే సెకనుకు 60 ఫ్రేములు వస్తాయి, కొత్తవారికి అది ధారాళంగా సరిపోతుంది. కొన్ని ఫోన్లలో 90, 120 ఫ్రేములు కూడా వస్తాయి గానీ వాటి కోసమే కొత్త ఫోన్ కొనవలసిన అవసరం లేదు. అందమైన నీడలు, నీటి మెరుపులు చూడాలని హెచ్‌డీఆర్ పెట్టుకున్నవారి ఫోన్ పావుగంటలో వేడెక్కి, సరిగ్గా కాల్పులు మొదలైన క్షణంలో తెర తడబడుతుంది. ఛార్జింగ్ పెట్టి ఆడితే ఈ వేడి ఇంకా పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం డాబా మీద గదిలో కూర్చుని ఆడేవారు ఫోన్ కవర్ తీసేసి, ఫ్యాన్ గాలి ఫోన్ వెనుక భాగానికి తగిలేలా కూర్చుంటే తేడా స్పష్టంగా తెలుస్తుంది.

ఉక్కపోతకు బొటనవేళ్లు తెరకు అతుక్కుంటున్నాయి. ఏం చేయాలి?

విశాఖలో ఇది చిన్న సమస్య కాదు. సముద్రపు తేమకు చెమట ఆరదు, చెమట పట్టిన వేలు ఒకసారి జారుతుంది, ఒకసారి ఆగుతుంది, దాంతో గురి ఒక్కోసారి ఒక్కోలా కదులుతుంది. మీ సెన్సిటివిటీ (వేలు కదిలినప్పుడు గురి ఎంత కదలాలో చెప్పే అంకె) తప్పని మీరు దాన్ని మార్చడం మొదలుపెడతారు, అక్కడి నుంచి తిప్పలన్నీ మొదలవుతాయి. వేలికి తొడుక్కునే పలచటి ఫింగర్ స్లీవులు చౌకగా దొరుకుతాయి, అవి ఈ ఊరికి నిజంగా పనికొస్తాయి. అవి లేనప్పుడు బొటనవేలి కొనకు కాస్త టాల్కం పౌడర్ రాసుకున్నా చాలు. మ్యాచ్‌కూ మ్యాచ్‌కూ మధ్య తెరను పొడి గుడ్డతో తుడవండి. ఇక ఆర్కే బీచ్ గట్టు మీద ముంత మసాలా తింటూ ఆడేవారికి మేం చెప్పగలిగిన సలహా ఏదీ లేదు.

పింగ్ ఎంత ఉండాలి? నా గుళ్లు తగిలినా శత్రువు ఎందుకు పడిపోవడం లేదు?

పింగ్ అంటే మీ ఫోన్ నుంచి సర్వర్‌కు సమాచారం వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం, దాన్ని మిల్లీసెకన్లలో తెర మీదే చూపిస్తారు. అది 60 లోపు ఉంటే హాయిగా ఆడవచ్చు. 100 దాటితే, మీరు గోడ వెనక్కి వచ్చేశాక కూడా గుళ్లు తగలడం, శత్రువు ఒక చోటి నుంచి మరో చోటికి గెంతినట్టు కనబడడం మొదలవుతాయి. సగటు కంటే నిలకడ ముఖ్యం: ఎప్పుడూ 80 చూపించే కనెక్షన్‌కు మీ చేయి అలవాటు పడుతుంది గానీ, 40కీ 200కీ మధ్య ఊగే కనెక్షన్‌కు ఎవరూ అలవాటు పడలేరు.

ఇంట్లో వైఫై ఉంటే 2.4 గిగాహెర్ట్జ్ బదులు 5 గిగాహెర్ట్జ్ ఎంచుకుని, రౌటర్ ఉన్న గదిలోనే కూర్చోండి. అపార్ట్‌మెంట్లలో ఇరుగుపొరుగు రౌటర్లన్నీ 2.4 మీదే కిక్కిరిసి ఉంటాయి. మొబైల్ డేటా మీద ఆడేవారు, ముఖ్యంగా కొండల వారగా ఉన్న కాలనీలవారు, ఇంట్లో ఏ కిటికీ దగ్గర సిగ్నల్ నిలకడగా ఉంటుందో ఒక సాయంత్రం తిరిగి చూసుకోవడం మంచిది.

విమానంలోంచి ఎక్కడ దూకాలి?

ఎరాంగెల్ మ్యాప్ 8 కిలోమీటర్ల పొడవు, 8 కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. అంటే ఒక అంచు నుంచి మరో అంచుకు దూరం ఆర్కే బీచ్ నుంచి రుషికొండకు ఉన్నదాని కంటే కాస్త తక్కువ. పొచింకి, జార్జోపోల్, దక్షిణాన ఉన్న మిలిటరీ బేస్ వంటి చోట్ల సామాను ఎక్కువ కాబట్టి జనమూ ఎక్కువే. అక్కడ దిగిన కొత్తవారు తుపాకీ దొరకకముందే చనిపోయి మళ్లీ లోబీకి (మ్యాచ్ మొదలుపెట్టే తెరకు) వచ్చేస్తారు. మొదట్లో విమానం దారికి కాస్త పక్కగా, ఐదారు ఇళ్లున్న చిన్న ఊళ్లను ఎంచుకోండి. గట్కా, లిపోవ్కా లాంటి చోట్ల ఇద్దరికి సరిపడా సామాను దొరుకుతుంది.

ఎక్కడ దూకాలన్నదాని కంటే ఎలా దూకాలన్నదాన్ని చాలామంది పట్టించుకోరు. తల కిందికి పెట్టి నిట్టనిలువుగా దూకితే వేగం గంటకు 234 కిలోమీటర్ల దాకా వెళుతుంది, పక్కకు తేలుతూ వెళితే అందులో దాదాపు సగమే ఉంటుంది. అందుకే మీరు దిగాలనుకున్న ఇంటికి విమానం సుమారు 700 మీటర్ల దూరానికి వచ్చేదాకా ఆగి, అప్పుడు నిటారుగా దూకితే మిగతావారి కంటే ముందు నేల మీద ఉంటారు. కంగారుపడి ముందే దూకినవారు గాలిలో తేలుతూ వస్తుంటే మీరు కింద తుపాకీతో ఎదురుచూడవచ్చు. దిగేటప్పుడు కెమెరా చుట్టూ తిప్పి, ఎన్ని పారాచూట్లు ఏ వైపు దిగుతున్నాయో లెక్కపెట్టండి. తర్వాతి ఐదు నిమిషాల్లో అంతకంటే విలువైన సమాచారం మీకు దొరకదు.

ఏమేమి ఏరుకోవాలి? నా సంచి ఎప్పుడూ నిండిపోతోంది.

దిగిన ఇంట్లో మొదట ఏ తుపాకీ దొరికితే దాన్నే తీసుకోండి, షాట్‌గన్ అయినా సరే. గది లోపల పోరాటానికి అంతకంటే మంచిది లేదు. తర్వాత జాకెట్టూ హెల్మెట్టూ. ఒకటో స్థాయి జాకెట్ దెబ్బను 30 శాతం, రెండోది 40 శాతం, మూడోది 55 శాతం తగ్గిస్తాయి. హెల్మెట్ల లెక్కా ఇదే. ఒక రకం గుళ్లు 150 దాకా, రెండు మూడు ఫస్ట్ ఎయిడ్ కిట్లు, నాలుగైదు డ్రింకులు, కనీసం రెండు స్మోక్ గ్రెనేడ్లు ఉంటే లూటింగ్ ఆపేయవచ్చు.

మందుల విషయంలో ఒక సంగతి గుర్తుంచుకోవాలి. బ్యాండేజీ అయినా ఫస్ట్ ఎయిడ్ కిట్ అయినా ప్రాణాన్ని 100కు 75 వరకే తెస్తాయి. ఆ పైన నింపడానికి ఎనర్జీ డ్రింకో పెయిన్ కిల్లరో తాగాలి. ఇవి పరుగు వేగాన్నీ కాస్త పెంచుతాయి. డ్రింకులను చివరికని దాచుకుని, దాచుకున్న డ్రింకులతోనే చనిపోవడం కొత్తవారిలో సర్వసాధారణం. దెబ్బ తగలకపోయినా, పోరాటంలోకి వెళ్లబోయే ముందు ఒకటి తాగండి.

ఏ తుపాకీతో మొదలుపెట్టాలి?

5.56 గుళ్లు వాడే ఎం416. కంపెన్సేటర్, వర్టికల్ గ్రిప్, స్టాక్ అనే అటాచ్‌మెంట్లు (తన్నుడు తగ్గించే అదనపు భాగాలు) తగిలిస్తే అది చెప్పినట్టు వింటుంది. 7.62 గుళ్ల ఏకేఎం దెబ్బ బలంగా తగులుతుంది గానీ పైకి గట్టిగా తన్నుతుంది, మొదటి నెలలో దాని జోలికి వెళ్లకపోవడం మంచిది. రెండో తుపాకీగా దగ్గరి పోరాటానికి యూఎంపీ45 బాగుంటుంది. వీడియోల్లో కార్98కే అనే స్నైపర్ తుపాకీతో ఒక్క గుండుకు తల పగలగొట్టడం చూసి అందరికీ చేయి దురద పుడుతుంది, కానీ ఒక గుండు గురి తప్పితే మళ్లీ బోల్టు లాగేలోపు ఎదుటివాడు మీ మీద సగం మ్యాగజైన్ ఖాళీ చేస్తాడు.

తుపాకీ పైకి తన్నుకుపోతోంది. ఇతరుల సెన్సిటివిటీ కోడ్ పెట్టుకుంటే సరిపోతుందా?

సరిపోదు. ఒకరి సెట్టింగులను ఇంకొకరి ఫోన్‌లోకి తెచ్చుకునే అంకెల వరుసే ఆ కోడ్. దాన్ని తయారుచేసుకున్నవారి ఫోన్ వెడల్పు, వేళ్ల పొడవు, ఫ్రేమ్ రేటు, గైరోస్కోప్ (ఫోన్‌ను వంచి గురి సర్దుకునే పద్ధతి) వాడకం వేరు. ఎవరో ప్రసిద్ధ ఆటగాడి కోడ్‌ను సోమవారం, మరొకరి కోడ్‌ను బుధవారం పెట్టుకునేవారి చేతికి దేనికీ అలవాటయ్యే వ్యవధి ఉండదు.

ముందుగా రెండు అంకెల తేడా తెలియాలి. 'కెమెరా సెన్సిటివిటీ' మీరు కాల్చనప్పుడు చూపు ఎంత వేగంగా తిరగాలో నిర్ణయిస్తుంది. 'ఏడీఎస్ సెన్సిటివిటీ' కాలుస్తుండగా వేలు లాగినప్పుడు గురి ఎంత కదలాలో నిర్ణయిస్తుంది. తుపాకీ తన్నుడును అదుపు చేసేది రెండోది. ఇక ఆటలోనే ఉండే సాధన మైదానం, ట్రైనింగ్ గ్రౌండ్‌కు వెళ్లి, ఏ అటాచ్‌మెంటూ లేని ఎం416కు రెడ్ డాట్ (ఎర్ర చుక్కతో గురి చూపే అద్దం) ఒక్కటే తగిలించి, ఒక గోడకు పది పన్నెండు అడుగుల దూరంలో నిలబడండి. గోడ మీద ఒక మచ్చను గురి చూసి, మ్యాగజైన్‌లోని 30 గుళ్లూ ఆపకుండా కాలుస్తూ, బొటనవేలిని సమంగా కిందికి లాగండి. తర్వాత గోడ మీద పడిన గుర్తులు చూడండి. అవి పైకి పాకుతూ పోతే, మీ వేలు లాగినంత గురి దిగడం లేదని అర్థం, రెడ్ డాట్ ఏడీఎస్ అంకెను ఐదు పెంచండి. గుర్తులు మచ్చ కంటే కిందికి దిగిపోతే ఐదు తగ్గించండి. గుర్తులన్నీ ఒక తలకాయంత చోట పడేదాకా ఇలాగే చేసి, అప్పుడు మూడింతలు దగ్గరగా చూపే 3ఎక్స్ స్కోప్‌కు ఇదే పని చేయండి. ఒకసారి కుదిరాక కనీసం రెండు వారాలు ఆ అంకెలను ముట్టుకోకూడదు. చెమట పట్టినా, ఓడిపోయినా, స్నేహితుడు ఎగతాళి చేసినా సరే.

కూర్చుని కాలిస్తే తన్నుడు తగ్గుతుంది. 30 మీటర్ల లోపు మాత్రమే మ్యాగజైన్ మొత్తం కాల్చండి. అంతకంటే దూరమైతే మూడు నాలుగు గుళ్ల చొప్పున ఆపి ఆపి కాల్చాలి. గైరోస్కోప్ నేర్చుకోదగినదే. అయితే సిటీ బస్సులో మద్దిలపాలెం మలుపు తిరిగేటప్పుడు మీ గురి కూడా తిరుగుతుంది.

రెండు వేళ్లతో ఆడాలా, నాలుగు వేళ్లతోనా?

రెండు బొటనవేళ్లతో మొదలుపెట్టి, మ్యాప్ మీద పట్టు వచ్చాక ఎడమ చూపుడువేలికి ఫైర్ బటన్ ఇచ్చి మూడు వేళ్లకు మారండి. కదులుతూ, చూపు తిప్పుతూ, కాల్చడం మూడూ ఒకేసారి చేయడానికి ఆ మూడో వేలు అవసరమవుతుంది. నాలుగో వేలికి తొందర లేదు.

ఎవరు కాల్చారో కూడా తెలియకుండానే చనిపోతున్నాను. ఎందుకు?

అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. దీనికి సాధారణంగా మూడు కారణాలుంటాయి.

మొదటిది చెవులు. ఈ ఆటను ఇయర్‌ఫోన్లు లేకుండా ఆడడం సగం తెర మూసుకుని ఆడడమే. అడుగుల చప్పుడు ఏ చెవిలో ఎక్కువ వినబడుతుందో దాన్నిబట్టి శత్రువు ఏ వైపున్నాడో తెలుస్తుంది. చెక్క మెట్ల చప్పుడు వేరు, గడ్డి మీది చప్పుడు వేరు. దగ్గర్లోని అడుగులనూ కాల్పులనూ మినీ మ్యాప్ (తెర మూలనుండే చిన్న మ్యాప్) గుర్తులతో చూపిస్తుంది కూడా, కాబట్టి ప్రతి రెండు మూడు సెకన్లకు ఒకసారి కన్ను అటు వెళ్లి రావాలి. తీగ ఉన్న ఇయర్‌ఫోన్లే మంచివి. బ్లూటూత్ వాటిలో శబ్దం కాస్త ఆలస్యంగా వస్తుంది, ఆ ఆలస్యంలోనే తలుపు తెరుచుకుంటుంది.

రెండోది, పరుగు. బహిరంగ మైదానంలో మనిషి సెకనుకు సుమారు 6 మీటర్లు పరిగెత్తుతాడు. 200 మీటర్ల పొలం దాటడానికి అర నిమిషం పైనే పడుతుంది, ఆ అర నిమిషమంతా కొండ మీదున్న ఎవరికైనా మీరు తేరగా దొరుకుతారు. అందుకే పరుగు మొదలుపెట్టే ముందే తర్వాతి కవర్ ఏదో, చెట్టో రాయో గోడో, చూసి పెట్టుకోవాలి. కవర్ నుంచి కవర్‌కు తప్ప కదలకూడదు. దారి వంకరైనా ఫరవాలేదు.

మూడోది, చంపిన తర్వాత శవం దగ్గరున్న పెట్టెలోకి తల దూర్చడం. మీ కాల్పుల చప్పుడు విన్న మూడో జట్టు ఎక్కడో ఒక చోట ఉండనే ఉంటుంది. తుపాకీలో గుళ్లు నింపుకుని, ప్రాణం నింపుకుని, చుట్టూ ఒకసారి విని, అప్పుడు పెట్టె దగ్గరికి వెళ్లండి. పెట్టె ముందు కదలకుండా నిలబడవద్దు.

తలుపు దగ్గర పోరాటాల గురించి ఒక మాట. థర్డ్ పర్సన్ ఆటలో కెమెరా మీ భుజం వెనుక నుంచి చూస్తుంది కాబట్టి, గోడ చాటున కదలకుండా నిలబడినవాడికి మీరు కనబడతారు, మీకు వాడు కనబడడు. అంటే వచ్చేవాడి కంటే ఆగి ఉన్నవాడిదే పైచేయి. వాడక్కడ ఉన్నాడని తెలిసీ పరిగెత్తుకుంటూ లోపలికి వెళ్లడాన్ని ధైర్యం అనలేం. గ్రెనేడ్ వేసి వాణ్ణి కదిలించండి. మీరు చాటున ఉండి చూసేటప్పుడు గోడకు కుడి అంచు నుంచి తొంగి చూస్తే ఒళ్లు తక్కువగా బయటపడుతుంది.

జోన్, అంటే కుంచించుకుపోయే వలయం, ఎప్పుడూ నన్ను తరుముతోంది. ముందే వెళ్లాలా, అంచున ఆగాలా?

తెల్ల వలయం తదుపరి సురక్షిత ప్రాంతం, నీలం గీత మీ వైపు కదిలి వచ్చే అంచు. మొదటి వలయాల్లో నీలం గీత బయట ఉన్నవారికి తగిలే దెబ్బ తక్కువ, చివరి వలయాల్లో అది నిమిషం కూడా బతకనివ్వదు. కొత్తవారికి మా సలహా: తెల్ల వలయం కనబడిన వెంటనే దాని లోపలి అంచుకు చేరి ఒక ఇంటినో గుట్టనో పట్టుకోండి, నడిమధ్యకు వెళ్లకండి. అంచున ఉంటే మీ వీపు వెనుక నుంచి వచ్చేవారు తక్కువ, మధ్యలో ఉంటే నాలుగు దిక్కులూ శత్రువులే. బండి మీద వెళితే ఇంజిన్ చప్పుడు దూరం నుంచే వినబడుతుంది కాబట్టి, మీరు నిలబడాలనుకున్న చోటికి 100 మీటర్ల ముందే దిగి నడవండి.

స్క్వాడ్‌లో మైక్ మీద ఏం మాట్లాడాలి?

"అక్కడున్నాడు, అక్కడ, అక్కడే!" అన్న కేక వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. తెర పైభాగంలో దిక్సూచి అంకెలుంటాయి. "215లో రెండంతస్తుల ఇల్లు, మేడ మీద ఒకడు, హెల్మెట్ పగిలింది" అంటే మిగతా ముగ్గురికీ మూడు సెకన్లలో బొమ్మ కట్టినట్టు తెలుస్తుంది. మీరు నాక్ అయితే (ప్రాణం అయిపోయి కింద పడితే) అరవడం మానేసి, ఎవరు, ఎటు నుంచి కొట్టారో చెప్పండి. లేపడానికి వచ్చేవారు సుమారు 10 సెకన్లు కదలకుండా కూర్చోవాలి, అందుకే ముందుగా స్మోక్ వేయాలి. "అన్నా, స్మోక్ వేస్తున్నా, పాక్కుంటూ నా వైపు వచ్చేయ్" అన్న ఒక్క మాట ఎన్నో మ్యాచులను నిలబెట్టింది. మైక్ తెరిచి ఉండగానే "అన్నం చల్లారిపోతోందిరా!" అని ఇంట్లోంచి వచ్చే పిలుపు మిగతా ముగ్గురికీ అడుగుల చప్పుడు వినబడకుండా చేస్తుంది, కాబట్టి మాట్లాడనప్పుడు మైక్ కట్టేయండి.

గ్రెనేడ్లు విసరడం ఎప్పుడు నేర్చుకోవాలి?

మొదటి వారంలోనే. పిన్ తీశాక పేలడానికి సుమారు 5 సెకన్లు పడుతుంది. వెంటనే విసిరితే శత్రువు తీరిగ్గా పక్కకు తప్పుకుంటాడు. రెండు మూడు సెకన్లు చేతిలో ఉంచి విసిరితే తప్పుకునే వ్యవధి ఉండదు. ట్రైనింగ్ గ్రౌండ్‌లో ఒక కిటికీని ఎంచుకుని, వరుసగా అందులోకే విసురుతూ సాధన చేయండి.

మొదటి మ్యాచుల్లో పదేసి మందిని చంపాను, ఇప్పుడు ఒక్కరిని కూడా చంపలేకపోతున్నాను. ఆట మర్చిపోయానా?

లేదు. కింది స్థాయిల్లో మీ ఎదుట పడేవారిలో చాలామంది కంప్యూటర్ నడిపే బాట్లు. నేరుగా నడిచి వచ్చి, ఆగి, గురి లేకుండా కాల్చేది బాట్. ర్యాంకు పెరిగేకొద్దీ నిజమైన మనుషులు పెరుగుతారు, మీ అసలు సాధన అక్కడ మొదలవుతుంది. మనుషులతో తలపడడం త్వరగా అలవాటు కావాలంటే టీమ్ డెత్‌మ్యాచ్ ఆడండి. నలుగురికి నలుగురు, ముందు 40 చంపిన జట్టుదే గెలుపు, చనిపోయినా వెంటనే లేస్తారు. రోజూ అసలు మ్యాచ్‌కు ముందు ఒకటి ఆడితే చేయి వేడెక్కుతుంది.

యూసీ కొంటే ఆట మెరుగవుతుందా? హ్యాకులు, పందెం గదుల సంగతేమిటి?

యూసీ అంటే డబ్బుతో కొనే ఆటలోని నాణేలు; వాటితో వచ్చే బట్టలూ తుపాకీ రంగులూ కంటికి ఇంపు, అంతే. హ్యాకులు వాడితే ఖాతా పోతుంది, వాటితో పాటు ఫోన్‌లోకి ఏం వస్తుందో దేవుడికే ఎరుక. ప్రవేశ రుసుము కట్టించుకుని, గెలిస్తే రెట్టింపు ఇస్తామనే ప్రైవేటు గదుల ప్రకటనలు టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి. వాటికి దూరంగా ఉండండి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లోనే ఆన్‌లైన్ పందేలను నిషేధించింది, 2025లో పార్లమెంటు ఆమోదించిన చట్టం ఈ-స్పోర్ట్స్‌ను గుర్తిస్తూనే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది.

మా అబ్బాయి పదో తరగతి. ఎంతసేపు ఆడనివ్వాలి?

2023లో తిరిగి వచ్చినప్పుడు ఆటలోనే 18 ఏళ్ల లోపువారికి రోజుకు 3 గంటలు, పెద్దవారికి 6 గంటలు పరిమితి పెట్టారు. మా లెక్కలో 3 గంటలు కూడా ఎక్కువే. ఒక్కటి మాత్రం పెద్దలు తెలుసుకోవాలి: ఎరాంగెల్‌లో ఒక మ్యాచ్ సుమారు అరగంట నడుస్తుంది, మధ్యలో ఆపి మళ్లీ అక్కడి నుంచే ఆడే వీలు లేదు, అప్పటికప్పుడు ఫోన్ లాక్కుంటే మిగతా ముగ్గురూ నష్టపోతారు. "ఎనిమిదింటికి కట్టేయ్" అనే బదులు "ఇంకా రెండు మ్యాచులే" అని ముందుగా ఒప్పందం చేసుకుంటే ఇంట్లో గొడవ తగ్గుతుంది.

ర్యాంకు ఆట ఎప్పుడు మొదలుపెట్టాలి?

గోడ మీద గుళ్లు ఒక చోట పడడం మొదలయ్యాక. బ్రాంజ్ నుంచి సిల్వర్, గోల్డ్, ప్లాటినం, డైమండ్, క్రౌన్, ఏస్ మీదుగా కాంకరర్ దాకా సాగే ఈ నిచ్చెనలో చంపిన తలల కంటే చివరిదాకా బతికి ఉండడానికే ఎక్కువ పాయింట్లు వస్తాయి. ఇద్దరిని చంపి మూడో స్థానంలో నిలిచినవారు, ఆరుగురిని చంపి అరవయ్యో స్థానంలో పోయినవారి కంటే సాధారణంగా ముందుంటారు. సీజన్ మారినప్పుడల్లా ర్యాంకు కొంత కిందికి దిగుతుంది కాబట్టి, ఇప్పుడే చేరినవారు సీజన్ చివరి రోజుల్లో పాయింట్ల కోసం నిద్ర పాడుచేసుకోకుండా, ఆ రోజులను ట్రైనింగ్ గ్రౌండ్‌కు ఇచ్చి కొత్త సీజన్ తొలి వారంలో మొదలుపెట్టడం లాభం.